కొండమీద కారు ఎక్కడ ఆపాలి?

అరకు అందాల గురించి వ్రాసేవారికి మన కాలేజీలో ఎన్నడూ కొరత లేదు. బొర్రా గుహల చీకటి, అనంతగిరి కాఫీ తోటల నీడ, గాలికొండ మీద మంచు, థింసా నృత్యం, వీటి మీద కవితలూ వచ్చాయి, వ్యాసాలూ వచ్చాయి. కాని అద్దె కారు వేసుకొని కొండెక్కినవాడు ఆ కారును ఎక్కడ నిలపాలి, అక్కడ వున్న రెండు మూడు రోజులూ అది ఎవరి స్థలంలో వుంటుంది అన్న విషయం మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఇది వ్యాసానికి తగిన విషయమేనా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. చివరిదాకా చదివి అప్పుడు నవ్వమని మనవి.

నేను భూవిజ్ఞానం పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. రాళ్ల కోసం విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ కొండలకు పోవడం నాకు చాలాకాలంగా అలవాటు. వెనకటి రోజుల్లో కిరండూల్ పాసింజరు ఎక్కితే సరిపోయేది. ఇప్పుడు నలుగురు స్నేహితులు కలిస్తే చాలు, సెల్‌ఫోనులో కారు మాట్లాడుకొని డ్రైవరు లేకుండా తామే నడుపుకుంటూ బయలుదేరుతున్నారు. వెళ్ళేముందు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, ఏమేం చూడాలి?" అని అడుగుతారు. "కారు ఎక్కడ పెట్టాలి?" అని అడిగినవాడు ఒక్కడూ లేడు. మైదానంలో కారు ఆపడమంటే జాగా వెతకడం, అంతే. కొండమీద అట్లా కాదు. అక్కడి నేలకు వాలు వుంటుంది, యజమాని వుంటాడు, ఆ దారిన పోవలసిన మరొకడి అవసరమూ వుంటుంది. ఈ మూడూ చూసుకోకుండా కారు నిలపరాదన్నదే నేను చెప్పదలచుకున్న మాట.

ముందుగా ప్రాంతం సంగతి

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన వుంటుంది. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలై అనంతగిరి మీదుగా పైకి పోతుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ప్రాంతమిది. జిల్లా కేంద్రం పాడేరు.

అరకును కొందరు "నేషనల్ పార్కు" అనుకుంటారు. అది పొరపాటు. తూర్పు కనుమల్లో మనకు దగ్గరగా వున్న జాతీయవనం గోదావరికి ఇరువైపులా వున్న పాపికొండలది. 1978లో అభయారణ్యంగా మొదలై 2008లో జాతీయవనమయింది. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైచిలుకు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి చోట అనుమతి లేకుండా లోపలికి పోవడానికీ, బస చేయడానికీ వీలు లేదు. కనుక కారు ఎక్కడ వుండాలో అటవీశాఖవారే చెబుతారు, మనం వింటాం. అరకులో అలా చెప్పేవారు లేరు. వూళ్ళూ పొలాలూ సంతలూ అడవీ అన్నీ కలిసి వున్న ప్రాంతం. చెప్పేవారు లేని చోటనే మనం ఎక్కువ తెలుసుకొని పోవాలి.

కారు తీసుకొనేటప్పుడు

మొట్టమొదట నంబరు ప్లేటు చూడండి. మోటారు వాహనాల చట్టం 75వ సెక్షను కింద 1989లో కేంద్ర ప్రభుత్వం కార్లు అద్దెకిచ్చే పథకం ఒకటి తెచ్చింది. డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే ఇటువంటి కారుకు నల్ల ప్లేటు మీద పసుపుపచ్చ అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టరయిన బండి. అటువంటి బండిని చవగ్గా వస్తుందని తీసుకుంటే, ఘాట్ రోడ్డులో ఏదైనా జరిగినప్పుడు "సొంత వాడకానికి పాలసీ ఇచ్చాం, అద్దెకు తిప్పడానికి కాదు" అని ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయడానికి ఆస్కారం వుంది. మిగిలిన అద్దె కంటే ఆ నష్టం ఎన్నో రెట్లు.

రెండవది, తాళం చెవి. కొన్ని కార్లు సెల్‌ఫోను ద్వారానే తలుపు తెరుచుకుంటాయి. కొండల్లో చాలా వూళ్ళలో సిగ్నలు అందదు. పొద్దున్నే వచ్చి చూస్తే కారు వుంటుంది, ఫోను వుంటుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. కనుక చేతిలోకి అసలు తాళం చెవి ఇచ్చే బండినే అడిగి తీసుకోండి. మూడవది, స్టెప్నీ టైరు, జాకీ, స్పానరు వున్నాయో లేదో డిక్కీ తెరిచి కళ్లతో చూడండి. నాలుగవది, ఒప్పందం కాగితం. మట్టి దారుల్లో నడపరాదనీ, రాష్ట్రం దాటరాదనీ షరతులుండవచ్చు. అరకు దాటి కొంత దూరం పోతే ఒడిశా వస్తుంది. ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి. కారుకు అన్నివైపులా ఫొటోలు తీసుకోవడం అయిదవది. కొండమీద నిలిపినప్పుడూ తిరిగి తీసేటప్పుడూ కూడా తీస్తే, గీతలూ సొట్టలూ ఎప్పటివన్న తగవు వుండదు.

ఎక్కడ ఆపకూడదు

చట్టం చెప్పేది కొంత, కొండ చెప్పేది కొంత వుంది. మలుపు దగ్గర, ఎత్తు శిఖరాన, వంతెన మీద బండి నిలపరాదని డ్రైవింగు నిబంధనలు చెబుతున్నాయి. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని వదలడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను కింద నేరం. 127వ సెక్షను ప్రకారం బహిరంగ ప్రదేశంలో 10 గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండిని పోలీసులు లాగించవచ్చు, లేదా చక్రానికి సంకెల వేయించవచ్చు. అంటే రోడ్డు వారన కారు పెట్టి, బసలో పడుకొని తెల్లారి వచ్చి తీసుకుందామనుకోవడం చట్టరీత్యా కూడా కుదరని పని.

ఇక కొండ చెప్పేది. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైటు. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదనే 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. ఈ రాయి ఎండకూ వానకూ నాని, మగ్గి, ఎర్రని మెత్తని మన్నుగా మారుతుంది. రోడ్డు కోసం కొండను నిలువుగా కోసిన చోట, వానాకాలంలో ఆ మన్ను ఒక్కసారిగా జారుతుంది. పైనున్న బండరాళ్ళూ దానితోనే వస్తాయి. కాబట్టి కోసిన గట్టు కింద, నీడగా వుంది కదా అని కారు పెట్టరాదు. రెండోవైపు, లోయ అంచున వున్న మన్ను కూడా అంత నమ్మదగ్గది కాదు. వానకు నానిన అంచు కారు బరువుకు కుంగవచ్చు. గెడ్డ పక్కన ఇసుక తిన్నె చదునుగా కనిపిస్తుంది. కాని పైన ఎక్కడో కురిసిన వానకు, ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది. చాపరాయి దగ్గర రాతి మీద నీళ్ళు పలుచగా పారడం చూసి అదెప్పుడూ అంతే అనుకోరాదు.

మాఘం దాటిన తరువాత మరో జాగ్రత్త అవసరం. ఎండుగడ్డి మీద, ఎండుటాకుల మీద కారు నిలపకూడదు. కారు కింద పొగగొట్టంలో వుండే కెటాలిటిక్ కన్వర్టరు కొన్ని వందల డిగ్రీల వేడిలో వుంటుంది. ఘాట్ ఎక్కి వచ్చిన బండికి అది మరీ ఎక్కువ. ఎండుగడ్డి దానికి తగిలితే అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కరలేదు. కారు పోతే పోయింది, అడవి కూడా పోతుంది.

ఎట్లా ఆపాలి

చిన్న లెక్క చేద్దాం. కారు బరువు వెయ్యి కిలోలనుకోండి. పది అడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద నిలిపితే, దాన్ని కిందికి లాగే బలం సుమారు నూరు కిలోల బరువుతో సమానం. మనుషులూ సామానూ ఎక్కితే ఇంకా పెరుగుతుంది. రాత్రంతా ఆ లాగుడును హాండు బ్రేకు తీగ ఒక్కటే భరించాలి. అద్దె కారును ఎందరో నడుపుతారు. ఆ తీగ ఎంత సాగివుందో మనకు తెలియదు. అందుకని దానికి తోడు కావాలి.

కారు ముఖం ఎగువకు వుంటే మొదటి గేరులోనూ, దిగువకు వుంటే రివర్సులోనూ వుంచి ఇంజను ఆపండి. గేరులేని ఆటోమేటిక్ బండి అయితే ముందు కాలి బ్రేకు తొక్కి, న్యూట్రల్‌లో హాండు బ్రేకు లాగి, కాలు తీసి బరువు బ్రేకు మీద పడ్డాక, మళ్లీ కాలి బ్రేకు తొక్కి "పి"లోకి మార్చండి. లేకపోతే బరువంతా గేరు పెట్టెలోని చిన్న కొక్కెం మీద పడుతుంది. స్టీరింగును ఎటు తిప్పాలన్న దానికి ఒకటే సూత్రం. పొరపాటున కదిలితే బండి కొండవైపుకే పోవాలి గాని, లోయవైపుకు పోకూడదు. చివరగా దిగువ వైపు చక్రాల వెనుక రాళ్ళు పెట్టండి. లారీ క్లీనర్లు బండి ఆగీ ఆగకముందే దిమ్మ పట్టుకొని దూకడం మీరు చూసే వుంటారు. వారికి ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు.

కాని బయలుదేరేటప్పుడు ఆ రాళ్ళు తీసి పక్కన పెట్టండి. రోడ్డు మీద వదిలేసిన రాయి మంచులో కనిపించదు. చీకటి పడ్డాక మోటారుసైకిలు మీద ఇంటికి పోయే వూరివాడికి అది తగులుతుంది. మన కారును కాపాడిన రాయి మరొకడి ప్రాణం తీయకూడదు.

రెండు మూడు రోజులు కదలకుండా వుంచేటట్లయితే చదునైన చోటు చూసుకొని, గేరులో వుంచి, ముందూ వెనకా రాళ్ళు పెట్టి, హాండు బ్రేకు వదిలెయ్యడం మేలు. తడి వాతావరణంలో డ్రమ్ముకు తుప్పుపట్టి బ్రేకు పట్టుకుపోవడం కద్దు. వాలు మీద మాత్రం ఈ పని చేయరాదు. బ్యాటరీ గురించి భయం అక్కరలేదు. ఆగివున్న కారులో గడియారం, అలారం, జి.పి.యస్. పెట్టె వంటివి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతాయనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్-గంటలే అవుతుంది. 35 ఆంపియర్-గంటల బ్యాటరీకి మూడు రోజుల్లో పదో వంతు ఖర్చు. లోపలి దీపం ఆర్పడం మరచిపోతే ఆ లెక్క వేరు. తినే వస్తువులు కారులో వుంచకండి. బొర్రా దగ్గర కోతులు, వూళ్ళలో ఎలుకలు ఎదురుచూస్తుంటాయి. కోతులకు వైపర్లు ఆట వస్తువులు, ఎలుకలకు ఇంజను వైర్లు పళ్ళు నూరుకొనే సాధనాలు.

ఎవరి నేల?

ఇక్కడికి వచ్చింది ఇంజనీరింగు. ఇంతకంటె పెద్ద సంగతి ఇకముందు వుంది.

ఒక మార్గశిరంలో డుంబ్రిగుడ వైపు ఒక చిన్న వూళ్ళో మా విద్యార్థులు కారు నిలపడానికి చక్కని చదును చోటు కనిపెట్టారు. పేడతో అలికి శుభ్రంగా వుంది. కారు అందులోకి తిప్పబోతుంటే ఒక ముసలావిడ ఇంట్లోంచి వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది కళ్లం బాబూ. సాయంత్రం సోళ్లు నూర్చాల. ఆ సింతసెట్టు కిందకి ఎట్టుకోండి, ఎవులూ ఏటీ అనరు" అన్నది. చూసేవాడికి ఖాళీ జాగా. ఆమెకు అది ఆరు నెలల తిండి వచ్చి చేరే చోటు. టైర్ల కింద అలుకు పెళ్ళలుగా లేచిపోతే రాగుల్లో మట్టి కలుస్తుంది. చింతచెట్టు కింద కారు రెండు రాత్రులు నిశ్చింతగా వుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె దగ్గరే రాజ్‌మా గింజలు కొన్నాం.

కొండల్లో ఖాళీగా కనిపించే ప్రతి చదునూ ఏదో ఒక పనికి వున్నదే. రాగుల కళ్లం, కాఫీ పళ్ళు ఎండబోసే చోటు, సంత జరిగే మైదానం, పశువులు మళ్ళే దారి. నవంబరు, డిసెంబరు నెలల్లో పసుపుపచ్చగా పూసే వలిసె చేల పక్కన ఫొటోల కోసం కార్లు బారులు తీరుతాయి. చేను గట్టు మీద చక్రం పోతే గట్టు కూలుతుంది, నీరు నిలవదు. వలిసెలు నూనె గింజలు. మనకు రంగు, ఆ రైతుకు రాబడి.

ఈ నేల వెనుక పెద్ద పోరాట చరిత్ర వుంది. షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలను 1959లో చేశారు. 1970లో సవరించారు. అదే జనం నోట నలిగిన 1/70 చట్టం. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి మారడం చెల్లదన్నది దాని సారాంశం. బొర్రా పరిసరాల్లో గనుల లీజుల మీద "సమత" అనే సంస్థ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అక్కడి ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997 జూలైలో కోర్టు తీర్పు చెప్పింది. 1996లో వచ్చిన "పెసా" చట్టం ఆ వూళ్ళ గ్రామసభకు తమ వనరుల మీద మాట చెల్లేలా చేసింది. దేశమంతా చదివిన తీర్పు మనం సరదాగా కారు ఆపే వూళ్ళ నుంచి వచ్చిందన్నమాట.

కనుక "పార్కింగు ఫీజు ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే విసుక్కోకుండా, అది ఎవరికి చేరుతుందో మర్యాదగా అడగండి. పంచాయతీ వసూలు చేస్తే రసీదు ఇస్తుంది. ఆ వూరి కుర్రాళ్ళు తమ జాగాలో బండికి కాపలా వుండి అడిగితే సంతోషంగా ఇవ్వండి. ఎక్కడినుంచో వచ్చిన వ్యక్తి గిరిజనుడి పేరు ముందు పెట్టి జేబులో వేసుకుంటుంటే, ఆ స్థలం మానేసి మరొకటి చూసుకోండి. పర్యాటకశాఖ వారి హరిత వసతి గృహాల్లో దిగినవారికి ఈ చిక్కు లేదు, ఆవరణలోనే కారు పెట్టుకోవచ్చు. ఇళ్ళలోనో గుడారాల్లోనో దిగేవారు మాత్రం గది మాట్లాడుకొనే రోజునే కారు జాగా కూడా మాట్లాడుకోవాలి.

దారి ఎవరిది?

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది. 108 అంబులెన్సు సేవ ఉమ్మడి రాష్ట్రంలో 2005లో మొదలయింది. కాని ఈ కొండల్లో రోడ్డు లేని గూడేలు ఇప్పటికీ వున్నాయి. అక్కడ నొప్పులు పడుతున్న తల్లిని కర్రకు కట్టిన డోలీలో ఇద్దరు మనుషులు మోసుకొని రోడ్డు దాకా వస్తారు. కొన్ని చోట్ల కొన్ని కిలోమీటర్లు. అంబులెన్సు రోడ్డు దాకా వచ్చి వాళ్ళ కోసం కాచుకొని వుంటుంది. అంత నడిచి వచ్చిన తరువాత, ఆ ఒంటి దారి రోడ్డులో సూర్యోదయం చూడ్డానికి వచ్చినవారి కార్లు రెండువైపులా నిలిచి వుంటే అంబులెన్సు ఎటు తిరగాలి? వంజంగి, లంబసింగి వంటి చోట్లకు చలికాలం ఆదివారాల్లో జనం ఎంతగా వస్తారో మనకు తెలియనిది కాదు. 516-ఇ జాతీయ రహదారి పనులతో పాడేరు, అరకు దారి చాలాచోట్ల వెడల్పయింది. ఆ వెడల్పు వాహనాలు తప్పుకోవడానికే గాని మనం నిలపడానికి కాదు. కారు దిగేముందు ఒక్కసారి వెనుదిరిగి చూడండి. ఇక్కడినుంచి ఒక అంబులెన్సు ఆగకుండా పోగలదా? పోలేదనుకుంటే అది పార్కింగు స్థలం కాదు.

అసలు కారు కావాలా?

చివరగా, ఖర్చు చూసుకొనే విద్యార్థుల కోసం ఒక మాట. అద్దె కారు కదిలినా కదలకపోయినా రోజు లెక్కన డబ్బు ఎక్కుతూనే వుంటుంది. కొండమీద మూడు రోజులున్నవాడు అందులో సగానికి పైగా కాలం ఆగివున్న కారుకే అద్దె కడతాడు. జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడం కోసం 1960లలో వేసిన కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం 58 సొరంగాలతో ఇప్పటికీ మనకోసం వుంది. పొద్దున్నే విశాఖలో ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో అరకు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా వుంది. కటికి జలపాతం వంటి చోటికి ఎలాగూ మన కారు పోదు, బొర్రా దగ్గర నిలిపి అక్కడి జీపు మాట్లాడుకోవలసిందే. ఆ జీపు నడిపేవాడికి ప్రతి రాయీ తెలుసు, ఎక్కడ ఆపాలో కూడా తెలుసు. రైల్లో పోయి అక్కడి జీపులోనో ఆటోలోనో తిరిగితే డబ్బు మిగులుతుంది, కొంత అక్కడివారికీ చేరుతుంది.

అయినా కారే కావాలనుకొనేవారు వుంటారు. ముసలి తల్లిదండ్రులను తీసుకెళ్ళేవారికి అది అవసరమే. వారికి నా మనవి ఇంతే. వాలు చూడండి, నేల ఎవరిదో అడగండి, దారి వదలండి. ఈ ఏడు విహారయాత్రకు వెళ్ళే మన విద్యార్థి సంఘంవారు కూడా బస కోసం ఫోను చేసినప్పుడు "గదులెన్ని?" అన్న తరువాత రెండో ప్రశ్నగా "బండి ఎక్కడ పెట్టుకోమంటారు?" అని అడిగితే బాగుంటుంది. ఆ ప్రశ్న విని అవతలివారు కొంచెం ఆశ్చర్యపోతారు. ఆ తరువాత మంచి చోటు చూపిస్తారు.